ఐసు దానియేలు

తొట్టి మీది చెక్కమూత పక్కకి జరిపి, దానియేలు గొలుసు కొక్కేలను డబ్బా చెవులకు తగిలించాడు. గిలక కిర్రుమంది. ఉప్పునీళ్ళు ఓడ్చుకుంటూ పొడుగాటి రేకు డబ్బా పైకి లేచింది. దాన్ని మామూలు నీళ్ళ కుండీలో ఒక్కసారి ముంచి, పక్కకి ఒరిగించి, అడుగున అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు. ఇద్దరు మనుషులు ఎత్తలేని ఐసుదిమ్మ జర్రున జారి, తడి బల్లల మీదుగా వెళ్ళి గుమ్మం దగ్గర ఆగింది. బయట గిలకలదిండి నుంచి వచ్చిన చేపల ఆడవాళ్ళు గంపలు దించి, అడుగున ఊక పోసుకుని కాచుకుని ఉన్నారు.

దానియేలు దిమ్మ వెనకాలే వచ్చి, వంగి, మెటికలతో దాన్ని కొట్టి చెవి ఆనించి విన్నాడు. ప్రతి దిమ్మకీ అంతే.

"పుచ్చకాయ బేరం చేసినట్టు ఏంటయ్యా ఆ కొట్టుడు?" అంది ముందు నిలబడ్డ తాతమ్మ. "ఎండెక్కిపోద్ది. నువ్వు వినేదాకా మా చేపలు ఆగుతాయా?"

దానియేలు నవ్వలేదు, కోప్పడలేదు. దిమ్మ లోపలిదాకా గట్టిగా కట్టిందని రూఢి చేసుకున్నాకే చెయ్యి తీశాడు. అదేమి చాదస్తమో తాతమ్మకు తెలియదు. ఆ ఐసు ఫ్యాక్టరీలో ఎవరికీ తెలియదు.

బందర్లో దానియేలులకు కొదవ లేదు. చర్చిలో హార్మోనియం వాయించే దానియేలు ఒకడు, తపాలా దానియేలు ఇంకొకడు. ఇతను ఐసు దానియేలు. యాభైనాలుగేళ్ళు. పొట్టి మనిషి, వంగిన భుజాలు. కళ్ళు ఏడాది పొడుగునా ఎర్రగానే ఉంటాయి. కొత్తవాళ్ళు తాగుతాడనుకుంటారు. తాగుడు కాదు, ఐసు మిషనులో తిరిగే అమోనియా గ్యాసు. ఇరవయ్యారేళ్ళుగా ఐసుకీ ఉప్పునీళ్ళకీ ఇచ్చిన చేతివేళ్ళు కొసల దగ్గర తెల్లగా, నున్నగా అయిపోయాయి. ఎక్కడైనా వేలిముద్ర వెయ్యమంటే కాగితం మీద నల్లమరక పడుతుంది తప్ప గీతలు పడవు. మిషను బడిలో అయిదో క్లాసుదాకా చదివి సంతకం నేర్చాడు కాబట్టి సరిపోయింది.

అతని దగ్గర ఇంకో రహస్యమూ ఉంది. అతనికి వాసన తెలియదు. ఎప్పుడు పోయిందో గుర్తులేదు; ఒకనాడు చూసుకుంటే లేదు. వాసన పట్టలేని ఫిట్టరుని అమోనియా గొట్టాల మధ్య ఎవరు ఉంచుకుంటారు? అందుకని ఎవరితోనూ అనలేదు. గ్యాసు ఎక్కడైనా కారితే ముక్కుకంటే ముందు కళ్ళు చెబుతాయి, కళ్ళు చెప్పకపోతే గంధకం వత్తి చెబుతుంది. వత్తి వెలిగించి గొట్టాల వెంట తిప్పితే కారేచోట తెల్లటి పొగ లేస్తుంది. అలా నెట్టుకొస్తున్నాడు. తెలిసింది భార్య రాజమ్మ ఒక్కతెకే. ఆవిడ ఇంట్లో అతని ముక్కు తనే అయింది. "ఇవాళ వాన వాసనొస్తందండీ" అంటుంది. "పక్కింట్లో మాగాయ పోపేశారు" అంటుంది. అతను సరేనని తలూపుతాడు.

పొద్దున్న ఆరు గంటలకు రాత్రి షిఫ్టు దిగి చేతులు తుడుచుకుంటూంటే మేనేజరు శోభనాద్రి పిలిచాడు.

"దానియేలూ, ప్లీడరు పూర్ణచంద్రరావుగారు కారు పంపించారు. అందులో చలవమిషను పనిచెయ్యటం లేదట. బెజవాడ మెకానిక్కు రెండుసార్లు చేసి చేతులెత్తేశాడు. ఓసారి చూసి రా."

"కారు పని నాకు తెలవదండీ."

"చల్లబరిచేది ఏదైనా చల్లబరిచేదే కదయ్యా. వాళ్ళావిడకి గుండెజబ్బు. ఇవాళే వేలూరు తీసుకెళ్ళాలి. ఊళ్ళో ఇంకెవరున్నారు?"

ఆ కారు సంగతి బందరంతా ఎరుగును. కిందటేడు మద్రాసులో ఏదో అమెరికా కంపెనీ దొర వదిలేసిపోతే వేలంలో కొన్నారు. ఎడ్లబండి పొడుగున్న పచ్చటి కారు. లోపల కూర్చుంటే నడివేసవిలో మాఘమాసమని చెప్పుకున్నారు. మొదటి వారం కోర్టు ఆవరణలో గుమాస్తాలు ఏదో వంకన కిటికీ దగ్గర నిలబడి, అద్దం దించినప్పుడల్లా మొహాలు చాచి వెళ్ళేవారు.

డ్రైవరు అంకమ్మరావు ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు. దానియేలు తన తడి లాగూ చూసుకుని, లోపలికి వెళ్ళి పనిముట్ల సంచీ, ఒక గోనెపట్టా తెచ్చి, పట్టాని సీటు మీద పరిచి దాని మీద కూర్చున్నాడు.

"బాగానే ఉంది మావయ్యా, కారుకి మడి కట్టావు" అన్నాడు అంకమ్మరావు.

సందు మొగలో పంపు దగ్గర రాజమ్మ బిందెతో నిలబడి ఉంది. పచ్చకారు వచ్చి తన పక్కనే ఆగి, అందులోంచి మొగుడు తల బయటపెట్టేసరికి ఆవిడకి నోట మాట రాలేదు. మధ్యాహ్నం దాటాక వస్తానని, అన్నం ఉంచమని చెప్పి వెళ్ళిపోయాడు. బిందె నిండి పొర్లుతున్నా ఆవిడ అటే చూస్తూ ఉండిపోయింది.

పూర్ణచంద్రరావుగారి ఇల్లు ఈడేపల్లిలో. కారు పెట్టే పెంకుటిసాల ఇంటి వసారాకి ఎదురుగా ఉంది. వసారాలో పేముకుర్చీలో, వీపు వెనక మూడు దిండ్లతో ఒకావిడ కూర్చుని ఉంది. ముప్ఫైమూడేళ్ళుంటాయి. పడుకుంటే ఊపిరాడదు, అందుకని పదిహేను రోజులుగా ఆ కుర్చీలోనే నిద్ర. పేరు వసుంధర. పెదవులు నేరేడుపండు తిన్నట్టు నల్లబడి ఉన్నాయి. పొద్దున్నే అయినా నుదుట చెమట నిలుస్తోంది, పనిమనిషి విసనకర్రతో విసురుతోంది.

పూర్ణచంద్రరావు మెట్లు దిగి వచ్చాడు. కోర్టులో గట్టి గొంతని పేరున్న మనిషి, ఇప్పుడు గుసగుసగా మాట్లాడాడు.

"రేపు మధ్యాహ్నానికి వేలూరు ఆసుపత్రిలో ఉండాలి. అక్కడ గుండె ఆపరేషనుకి రోజిచ్చారు. రైలెక్కి దిగడం ఆవిడవల్ల కాదు. ఈ వెనకసీటు మీద దిండ్లు వేసి తీసుకెళ్ళాలి. కానీ ఈ ఎండలో వద్దంటున్నాడు డాక్టరు. నిన్న గుడిదాకా తీసుకెళ్ళి చూశాను. అరమైలు వెళ్ళేసరికి కళ్ళు తేలేసింది. చలవ ఉంటేనే ప్రయాణం, లేకపోతే లేదన్నాడు. సాయంత్రం చల్లబడ్డాక బయల్దేరదామంటే నాలుగింటికి వర్జ్యం మొదలవుతుందట. మా అమ్మ ఒప్పుకోదు. మూడున్నరకి కదలాలి."

"గ్యాసుందాండీ?"

సాలలో మూల నిలబెట్టిన చిన్న ఇనప సిలిండరు చూపించాడు పూర్ణచంద్రరావు. మద్రాసు నుంచి మూడు తెప్పించారు. బెజవాడ మెకానిక్కు నింపిన రెండూ ఎనిమిదేసి రోజుల్లో హరించుకుపోయాయి. ఇది ఆఖరిది. ఇంకోటి రావాలంటే వారం.

అంటే కారేచోటు ముందు పట్టాలి. పట్టకుండా నింపితే ఇదీ పోతుంది. దానియేలు తలూపి చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు.

ఇంజను మూత ఎత్తి లోపలికి వంగిన మనిషి వెంటనే వెనక్కి వచ్చాడు. గొట్టాలు రాగివి. ఐసు ఫ్యాక్టరీలో రాగిముక్క కంటపడితే ఫిట్టర్లకు ఒళ్ళు జలదరిస్తుంది. అమోనియా రాగిని తినేస్తుంది. ఇరవయ్యారేళ్ళలో అతను చలవ గొట్టాల్లో ఇనుము తప్ప మరొకటి చూడలేదు. ఇదేం పిచ్చి మిషనురా నాయనా అనుకుంటూ, లోపల గ్యాసు ఇంకా కాస్తో కూస్తో మిగిలి ఉంటుందని గంధకం వత్తి వెలిగించి అతుకుల వెంట తిప్పాడు. ఎక్కడా తెల్లపొగ లేవలేదు. రెండోసారి తిప్పాడు. ఊహూఁ.

"అమోనియా కాదయితే ఇది" అన్నాడు.

సిలిండరు మర ఒక వెంట్రుకవాసి తిప్పి, మూతి దగ్గరికి అంకమ్మరావుని పిలిచాడు. "నీకేవన్నా వాసన తగులుతుందా?"

అంకమ్మరావు రెండుసార్లు పీల్చాడు. "ఏం లేదు మావయ్యా. నీకో?"

"నాకూ లేదు" అన్నాడు దానియేలు. ఎన్నేళ్ళ తర్వాతో అతని ముక్కూ అందరి ముక్కూ సమానమయ్యాయి. ఆ మాట మీద అతనికి ఎందుకో కాస్త ధైర్యం వచ్చింది.

కారు చక్రాలకు గాలికొట్టే పంపుని మిషను గొట్టానికి కట్టి, అంకమ్మరావు చేత గాలి కొట్టించాడు. ఇక లోపలి గాలి ఎక్కడ బయటికి వస్తోందో చూడాలి. సబ్బునీళ్ళు కావాలని అడిగాడు. ఇంట్లో ఉన్న సబ్బు పల్చగా నురగకట్టి వెంటనే ఆరిపోతోంది. కుంకుడు నురుగైతే నిలుస్తుందని అతను అంకమ్మరావుతో అంటూంటే, వసారాలోంచి సన్నటి గొంతు వినిపించింది.

"కుంకుడురసం ఉంది మేస్త్రీగారూ. ప్రయాణానికి తలంటుకుందామని నానబెట్టించాను. డాక్టరుగారు తలమీద నీళ్ళు పడకూడదన్నారు. ఎలాగూ పారబొయ్యడమే."

పనిమనిషి ఇత్తడి చెంబుతో తెచ్చి, అతన్ని ముట్టకుండా సాల గడప మీద పెట్టి తప్పుకుంది. దానియేలు అది చూడనట్టే తీసుకున్నాడు. ఇలాంటివి చూడకపోవడం అతను చిన్నప్పుడే నేర్చుకున్నాడు. పెడన అవతల పల్లెలో అతని తండ్రి కామందుగారింట పాలేరు. ఇంటి వెనక చూరుకింద నిలబడి పోయించుకున్న గంజితో పెరిగిన పిల్లలకు అదొక చదువు.

కుంచెతో నురుగు పట్టిస్తూ ఒక్కొక్క అతుకే చూసుకుంటూ వచ్చాడు. కనిపించే అతుకులన్నీ బాగానే ఉన్నాయి. తొమ్మిదయింది. పెంకుల మీదనుంచి వేడి దిగుతోంది. చూడ్డానికి వీలులేని చోటు ఒక్కటే మిగిలింది, రేడియేటరు వెనకాల. నేలమీద వెల్లకిలా పడుకుని, కారు కిందికి జరిగి, చెయ్యి చాచి గుడ్డిగా నురుగు పూసి, వసుంధర చేతి అద్దం తెప్పించి దాంట్లో చూశాడు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక బుడగ, ఆవగింజంత, పుట్టి నెమ్మదిగా పెద్దదై పగిలింది. అదేచోట ఇంకోటి.

"దొరికిందండీ" అని కిందనుంచే కేకేశాడు. వసారాలో పూర్ణచంద్రరావు కుర్చీలోంచి లేచాడు.

రాగిగొట్టం అంచు గరాటులా విచ్చుకుని నట్టులో కూర్చుంటుంది. బెజవాడ మెకానిక్కు మరీ బిగించడంవల్ల ఆ అంచు చిట్లింది. చిట్లినమేర రంపంతో కోసేసి, కొత్త అంచు విప్పాలి. రాగిని ఉన్నదున్నట్టు కొడితే మళ్ళీ చిట్లుతుంది. ఇనుము కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది, రాగి మెత్తబడుతుంది. ఈ సంగతి అతను ఏ ఫ్యాక్టరీలోనూ నేర్చుకోలేదు. చిన్నప్పుడు ఊళ్ళో కంచరివాళ్ళ వాకిట్లో దూరంగా కూర్చుని, చెంబులు సాగగొడుతూంటే గంటలకొద్దీ చూసేవాడు. ఆ చూసింది నలభై ఏళ్ళకి ఇప్పుడు అక్కరకొచ్చింది. ఊదుదీపంతో గొట్టం కొసని ఎర్రగా కాల్చి ముంచి, మెత్తబడ్డాక ఒక టేకుముక్కకి బెజ్జం పెట్టి అందులో బిగించి, మొనతేలిన ఇనప చీలతో చుట్టూ తిప్పుతూ కొంచెం కొంచెంగా విప్పాడు. మొదటిది వంకర పోయింది. కోసి పారేసి రెండోది మొదలుపెట్టాడు. గొట్టం ఇంకొక్కసారి కొయ్యడానికి మాత్రమే పొడుగుంది. వేళ్ళ కొసలకు స్పర్శ తక్కువ కాబట్టి అంచు నునుపు చూడడానికి దాన్ని కింది పెదవికి ఆనించుకుని తిప్పుకున్నాడు. రెండోది కుదిరింది.

అతుకు బిగించాక లోపలి గాలంతా బయటికి పోవాలి. ఇంజను ఆడించి, ఆ మిషను చేతనే దాని గాలిని అదే ఊదేసేలా ఏర్పాటు చేసి, గంటసేపు కాచుకోవాలని చెప్పి సాల గుమ్మంలో కూర్చున్నాడు. పన్నెండు దాటింది. వసుంధర కుర్చీ అక్కడికి నాలుగు బారల దూరం.

"మీకు పిల్లలెంతమంది మేస్త్రీగారూ?" అని అడిగింది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటోంది.

"ఒక్కతేనండీ. ఉండేది."

ఆవిడ తల అతనివైపు తిప్పింది. ఎవరూ తొందరపెట్టనందువల్లనో, రాత్రంతా నిద్రలేనందువల్లనో, దానియేలు పద్నాలుగేళ్ళుగా బయటివాళ్ళెవరికీ చెప్పని సంగతి ఆవిడకి చెప్పాడు.

కృపావతికి తొమ్మిదేళ్ళు. ఇలాంటి రోహిణీకార్తెలోనే టైఫాయిడు. ఒళ్ళు పేలిపోతోంది, తలమీద ఐసు పెట్టమని నర్సమ్మ చెప్పింది. ఐసుకేం, నాన్న ఐసు ఫ్యాక్టరీలోనే పని అని పిల్లే నర్సమ్మతో గొప్పగా అందట. దానియేలు పరిగెత్తాడు. ఆ పొద్దుటే ఉన్న దిమ్మలన్నీ చేపల వ్యాగనుకి ఎక్కించేశారు. డబ్బాల్లో ఉన్నవి అప్పుడే పోసిన నీళ్ళు. ఐసు కట్టడానికి ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. ఆ మిషనుని బతిమాలితే త్వరపడదు. సాయంత్రందాకా తొట్టి పక్కన కూర్చుని, ఇక ఆగలేక ఒక డబ్బా లాగాడు. చుట్టూ నాలుగు వేళ్ళ మందాన పెంకు కట్టింది, నడుమ నీళ్ళే. దాన్నే గోనెపట్టాలో చుట్టి సైకిలు వెనక కట్టుకుని బయల్దేరాడు. దారిలోనే పెంకు పగిలింది. ఇంటికి చేరేసరికి తడిసిన గోనెపట్టా మిగిలింది. దాన్నే పిండి పిల్ల నుదుటిమీద పెట్టాడు. దీపాలు పెట్టే వేళకి పిల్ల వెళ్ళిపోయింది.

"అప్పట్నించీ దిమ్మ బోలుగా ఉందో గట్టిగా ఉందో కొట్టి చూడకుండా బయటికి పంపలేనండీ" అన్నాడు. "అందరూ నవ్వుతారు."

వసుంధర కళ్ళు మూసుకుంది. మూసుకున్న రెప్పల కిందినుంచి నీళ్ళు జారాయి. కొంతసేపటికి పనిమనిషిని పిలిచి, "మేస్త్రీగారికి మజ్జిగియ్యి. నా గ్లాసుతో ఇయ్యి" అంది. వెండిగ్లాసు అది. తర్వాత అతని వైపు చూసి, "ఈసారి వేళకి అందుతుందిలెండి" అంది.

ఆ మాటే దానియేలు మనసులో అనుకున్నాడు. వేళకి అందాలి. ఈ ఒక్కసారైనా అందాలి. మజ్జిగ తాగి, గ్లాసు కడిగి, లేచాడు.

గ్యాసు నింపడం మొదలుపెట్టాడు. సిలిండరుని గోరువెచ్చని నీళ్ళ బాల్చీలో నిలబెట్టి, మర గోరంత విప్పి, మిషను వేసి చూశాడు. ఆపాడు. ఇంకాస్త పట్టించి మళ్ళీ వేశాడు. అలా పదిసార్లు. ప్రతిసారీ చెయ్యి తిరగేసి మణికట్టు గొట్టానికి ఆనించుకుని చూసుకున్నాడు. రెండుంబావు వేళకి గొట్టానికి చెమట పట్టింది. సన్నటి బొట్లు వరసగా పుట్టి, ఒకదాన్నొకటి కలుపుకుని కిందికి జారాయి. కుంకుడు నురుగు మళ్ళీ పూసి అద్దం పెట్టి పావుగంట చూశాడు. బుడగ లేవలేదు. కారు తలుపు తీస్తే లోపలినుంచి చల్లదనం వచ్చి మోకాళ్ళకి తగిలింది.

మూడూ ఇరవైకి పూర్ణచంద్రరావూ అంకమ్మరావూ కుర్చీతో సహా మోసుకొచ్చి ఆవిడని వెనకసీటు మీద దిండ్లకి చేరేశారు. అత్తగారు నుదుట విభూది పెట్టింది. తలుపు మూశాక వసుంధర రెండుమూడు సార్లు ఊపిరి తీసుకుంది. నుదుటి చెమట ఆరింది. నొసలు ముడి విడింది.

"అబ్బ, ప్రాణం లేచొచ్చిందండీ" అంది భర్తతో. అద్దంలోంచి దానియేలుని చూసి తలూపింది.

పూర్ణచంద్రరావు దానియేలు రెండు చేతులూ పట్టుకున్నాడు. "దారిలో ఏం చూసుకోవాలి?" అని అడిగాడు.

"ఏం లేదండీ బాబూ. మిషను మటుకు ఆపకండి. ఎక్కడ ఆగినా ఇంజను ఆడతానే ఉండాలి. ముందున్న ఆ చలవ మర సరైనచోట పెట్టాను, ఎవరూ ముట్టుకోవద్దు. వేలూరు చేరేదాకా ఆపొద్దు."

ఐసు ఫ్యాక్టరీలో చేరినవాడికి మొదటిరోజు చెప్పే పాఠం అదే. మిషను ఆగితే దిమ్మలన్నీ పాడు. ఉరిమినా, వరదొచ్చినా, చావొచ్చినా మిషను ఆగకూడదు. కృపావతిని తీసుకెళ్ళిననాడు కూడా అది ఆగలేదు, సమాధుల తోటదాకా దాని చప్పుడు వినిపించింది.

"ఆపం" అన్నాడు పూర్ణచంద్రరావు, ప్రమాణం చేసినట్టు.

వర్జ్యానికి పావుగంట ముందు పచ్చకారు గేటు దాటింది.

దానియేలు ఎండలో నడుచుకుంటూ ఇంటికి వచ్చాడు. స్నానం చేసి, కంచం ముందు తలవంచి ప్రార్థన చేసుకుని, రొయ్యలకూర కలుపుకున్నాడు. రెండోసారి అన్నం అడిగాడు. రాజమ్మ వింతగా చూసింది.

"ఏంటండీ ఇయ్యాల ఇంత ఉషారు?"

"వేళకి అందింది రాజమ్మా" అన్నాడు. ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగి మళ్ళీ అన్నాడు. "చల్లదనం వేళకి అందింది."

ఎవరికని రాజమ్మ అడగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. తిరిగొచ్చి గరిటెతో ఇంకాస్త కూర వేసింది. అతను చాపమీద వాలి, చాలాకాలం తర్వాత ఒంటిమీద తెలివిలేనట్టు నిద్రపోయాడు.

పొద్దు వాలుతూంటే ఎవరో పాదం పట్టుకుని కదిపారు. అంకమ్మరావు. మొహం వాడిపోయి ఉంది.

"నువ్వేంటిరా ఇక్కడ? వెళ్ళలేదా?"

"వెళ్ళి వచ్చేశాం మావయ్యా. అమ్మగారు పామర్రులోనే పోయారు. మిషను ఆపాలంట. బాబుగారు నన్ను ముట్టుకోనివ్వట్లేదు. నిన్ను తీసుకురమ్మన్నారు" అన్నాడు.

దానియేలు చొక్కా తొడుక్కున్నాడు. బొత్తాములు ఒకదానిది ఒకదానికి పడ్డాయి. రాజమ్మ దగ్గరికి వచ్చి విప్పి మళ్ళీ పెట్టింది.

ఈడేపల్లిలో ఇంటి నిండా మనుషులున్నారు. ఆవిడని లోపల హాల్లో పడుకోబెట్టారు, ఏడుపులు వినిపిస్తున్నాయి. కారు వాకిట్లో నిలబడి ఉంది. తలుపులు మూసి ఉన్నాయి, ఇంజను ఆడుతూనే ఉంది. అద్దాలు మసకబారి, బయటివైపు నీళ్ళు ధారలుగా కారుతున్నాయి. మెట్టుమీద పూర్ణచంద్రరావు చొక్కా గుండీలు ఊడి కూర్చుని ఉన్నాడు. దానియేలుని చూసి లేవలేదు, కోప్పడలేదు.

"నిడుమోలు దాటాక చలేస్తోందంది" అన్నాడు నెమ్మదిగా. "చల్లగా ఉండడం మంచిదేనమ్మా అన్నాను. మళ్ళీ అంది. వేళ్ళు చూస్తే మంచుగడ్డలు. ఒక్క నిమిషం ఆపండీ, మళ్ళీ వేద్దురుగాని అంది. నువ్వు ఆపొద్దన్నావు కదా. ఆపితే మళ్ళీ రాదేమో, వేలూరుదాకా దారంతా ఎలాగని భయపడ్డాను. ఆపలేదు. పామర్రు సెంటర్లో కారాపి బట్టలకొట్లోకి పరిగెత్తాను. ఇంజను ఆడుతూనే ఉంది, అంకమ్మరావు చూస్తూనే ఉన్నాడు. రోహిణీకార్తెలో కంబళేంటండీ అని కొట్టువాడు నవ్వాడు. అటకమీదనుంచి తీయించి తెచ్చేసరికి..."

చేత్తో మొహం తుడుచుకున్నాడు.

"డాక్టరు చూశాడు. గుండె నిలబడిపోయింది, చలికి కాదు, ఇక్కడున్నా ఇంతే జరిగేది అంటున్నాడు. ఏమో." తల ఎత్తి దానియేలు కళ్ళలోకి చూశాడు. "దానియేలూ, ఇప్పుడు ఆపొచ్చా?"

పొద్దుటినుంచి దానియేలు తన చేత్తో తనే పదిసార్లు ఆపి మళ్ళీ వేశాడు. ఇందులో పాడవ్వడానికి ఐసుదిమ్మల్లేవు. ఉన్నది మనిషి. ఆ సంగతి ఎవరు చెప్పాల్సిన పని? తెలిసినవాడు తనొక్కడే. దానియేలు మెట్టుకింద నేలమీద కూర్చుండిపోయాడు.

"ఆపొచ్చండీ బాబూ" అన్నాడు. "ఎప్పుడన్నా ఆపొచ్చండీ."

పూర్ణచంద్రరావు ఆ మాట విన్నాడు. దానర్థం తెలిసేందుకు కొంత సమయం పట్టింది. తెలిశాక లేచి గోడ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

దానియేలు కారు తలుపు తీశాడు. చలి ఒక్కసారిగా ఒంటిని చుట్టుకుంది. వంగి మర తిప్పాడు, తాళంచెవి తిప్పాడు. మిషను ఆగింది. లోపలి ఏడుపులు ఇప్పుడు బాగా వినిపించాయి.

వెనకసీటు మీద దిండ్లు ఆవిడ ఒరిగిన గుంటలతో అలాగే ఉన్నాయి. వాటి పక్కన కొత్త కంబళి ఉంది, పురికొస ముడి విప్పనేలేదు.